ఒక్క ముక్కుకు రెండు మిషన్లు

అల్వాల్‌లో నాకు ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. ఫ్యూజులు, హోల్డర్లు, ఫ్యాన్ కండెన్సర్లు అమ్ముకుని బతికేవాడికి ఏ వస్తువు మీదా నమ్మకం ఉండదు. పొద్దున చల్లగా తిరిగిన ఫ్యాన్ సాయంత్రానికి కాలిపోయి నా కౌంటర్ మీదికి రావడం రోజూ చూస్తుంటాను. అందుకే మచ్చ బొల్లారంలోని మా ఇంట్లో టార్చిలైట్లు రెండు, గ్యాస్ లైటర్లు రెండు, నీళ్ళ మోటారుకు స్టార్టర్లు రెండు. మా ఆవిడ దీని మీద ఎప్పుడూ ఒకటే మాట అంటుంది.

"అన్నిటికి జోడీ పెట్టినవు, నాకొక్కదానికే పెట్టలే. గది నీ అదృష్టమా, నాదా?"

చివరికి ఆ లోటు కూడా తీరింది. ఇంట్లో గురక మిషన్లు రెండయ్యాయి. పాతదానికి పెద్ద సవతి అని, కొత్తదానికి చిన్న సవతి అని ఆమే పేర్లు పెట్టింది.

గురక సంగతి ముందు చెప్పాలి. నా గురక సామాన్యమైనది కాదు. మా మేడ మీద అద్దెకున్నవాళ్ళు మేము బోరు మోటారు ఆపడం మరచిపోయామనుకుని రెండుసార్లు కిందికి వచ్చి తలుపు కొట్టారు. అయితే గురక కంటే గురక ఆగడమే ప్రమాదమట. నిద్రలో గొంతు మూసుకుపోయి కాసేపు ఊపిరే ఆడదట. నాకేం తెలుసు, నేను నిద్రలో ఉన్నాను. తెలిసింది మా ఆవిడకే. ఆమె పోరు పడలేక పరీక్షకు వెళితే నెత్తికీ ఛాతీకీ వైర్లు అంటించి పడుకోబెట్టారు. డాక్టరు కాగితం చూసి, ఇక నుంచి రోజూ మిషన్ పెట్టుకునే పడుకోవాలన్నాడు.

మిషన్ అంటే ఒక పెట్టె, దానికో పొడుగాటి గొట్టం, గొట్టం చివర ముక్కుకు తగిలించుకునే మాస్కు. గొంతు మూసుకుపోకుండా రాత్రంతా గాలి ఊదుతూ ఉంటుంది. ముక్కు ఎండిపోకుండా గాలికి తడి పట్టించడానికి పక్కన చిన్న నీళ్ళ డబ్బా. మొదటిసారి నన్ను ఆ వేషంలో చూసినప్పుడు మా అమ్మ అలియాబాద్ నుంచి వచ్చి ఉంది. నా కొడుకుకు ఆక్సిజన్ పెట్టిన్రని శోకం మొదలుపెట్టింది. నచ్చజెప్పడానికి గంట పట్టింది. అంతా విని, ఆ మిషనే నా బదులు ఊపిరి తీస్తుందని ఆమె తనకు తానే అర్థం చేసుకుంది.

"మరి పగటీలి ఎట్లనే కొడుకా? షాపుల నీకు గాలి ఎవరు కొడ్తరు?" అంది.

ఆ పాత మిషన్ పక్కింట్లో పిండి గ్రైండర్ తిరుగుతున్నట్టు హోరుమనేది. ఏళ్ళ తరబడి అట్లాగే హోరుమని, ఒక్కరోజు కూడా మొరాయించలేదు. అయినా వయసైపోయింది, మార్చుకొమ్మన్నారు. కొత్తది తెచ్చాను. చిన్నది, తేలికైనది, ఆన్ చేసినా చేసినట్టే తెలియదు. పాతది తమకిచ్చేయమని మిషన్ అమ్మినవాడు అడిగాడు. ఇవ్వనన్నాను. బాగా నడుస్తున్నదాన్ని ఎవడైనా ఇచ్చేస్తాడా? కొత్తది ఏ పండుగ పూటో చెడిపోతే నా గొంతు తెరిచి పట్టుకునేదెవరు? పాత మిషన్‌ను శుభ్రంగా తుడిచి, దాని మాస్కుతో సహా కవర్లో చుట్టి బీరువా మీద పెట్టాను.

మా ఆవిడకు అది నచ్చలేదు.

"ఉన్నది ఒక్క ముక్కు. దానికి రెండు మిషన్లా? దవాఖాన సామాను ఊకె ఇంట్ల పెట్టుకోవద్దు. ఇంట్ల ఇంకొకలకు గా రోగం రమ్మని పిలిచినట్టే."

"నువ్వు పిలిస్తే నేనే పలుకుతలేను, రోగం పలుకుతదా?" అన్నాను. నాకు ముక్కు మీదే కోపం. ఆమెకూ అక్కడే. మాటా మాటా పెరిగి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. దసరా లోపల పాత మిషన్ ఒక్కసారైనా అక్కరకు రావాలి. రాకపోతే దసరాకు ఇల్లు దులిపేటప్పుడు పాత సామాన్ల బండికి పోతుంది.

ఆ రోజు నుంచి కొత్త మిషన్ ఎప్పుడు చెడిపోతుందా అని నేను ఎదురుచూశాను. నా ముక్కుకున్న మిషన్ చెడిపోవాలని నేనే కోరుకోవడం ఎంత తెలివితక్కువతనమో అప్పుడు తట్టలేదు.

ఎండాకాలంలో ఒక సాయంత్రం గాలిదుమారం వచ్చి కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీ అంతకుముందే చేతులెత్తేసింది. మొత్తం ఇంట్లో జోడీ లేనిది అదొక్కటే. కొత్త మిషన్ స్విచ్ నొక్కాను, పలకలేదు. నా ఆనందం చెప్పలేను. స్టూలు ఎక్కి, బీరువా మీద నుంచి పాత మిషన్‌ను పెళ్ళికూతుర్ని దింపినట్టు దింపి మంచం పక్కన పెట్టాను.

"సూసినవా? అక్కరకొచ్చిందా లేదా?" అన్నాను.

మా ఆవిడ పేపరుతో విసురుకుంటూ నా వైపు, మిషన్ వైపు చూసింది.

"దానికి కరెంటు వద్దా?" అంది.

ఇన్నేళ్ళుగా ప్లగ్గులు అమ్ముతున్న మనిషిని. మిషన్‌ను మళ్ళీ బీరువా ఎక్కించాను. ఆమె పేపరు అడ్డం పెట్టుకుని నవ్వడం వినపడుతూనే ఉంది.

తర్వాత మేడ్చల్‌లో మా ఆవిడ వైపు చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు కొత్తదాన్ని ఇంట్లోనే ఉంచి, పాతదాన్ని మోసుకెళ్ళాను. సంచిలో నుంచి గొట్టం బయటికి వేలాడుతోంది. గేటు దగ్గరే ఆమె తమ్ముడు ఎదురొచ్చి, "ఏం బావా, పత్తికి మందు కొట్టనీకి వచ్చినవా?" అని అందరి ముందూ అడిగాడు. ఆ ఇంట్లో ఖాళీగా ఉన్న ప్లగ్గు ఒక్కటే, అదీ వంటింట్లో. లడ్డూల గంపల మధ్య చాప వేసుకుని, మాస్కు పెట్టుకుని పడుకున్నాను. ఇంత చేసినా మా ఆవిడ దాన్ని అక్కర కింద ఒప్పుకోలేదు.

"కొత్తది మంచిగుండంగ పాతది తెచ్చినవు. గది అక్కర కాదు, నాటకం."

దసరా వచ్చేసింది. పండుగ ముందురోజు సీరియల్ లైట్ల బేరాలతో షాపులో ఊపిరాడలేదు. ఇంటికి వచ్చి చూస్తే బీరువా మీద కొత్త పేపరు పరిచి ఉంది. దాని మీద స్టీలు డబ్బాలు వరసగా కూర్చున్నాయి. పాత మిషన్ లేదు.

"ఏది?" అన్నాను.

"పాత సామాన్లోడు వచ్చిండు. పోయిండు," అంది ఆమె, తల ఎత్తకుండా బతుకమ్మ పూలు ఏరుకుంటూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పొద్దూ, ఏడుపు కూడా వచ్చింది. ఇన్నేళ్ళు నా గొంతు కాపాడినదాన్ని తుక్కుతో పాటు తీసుకుపోయి ఉంటారు, గొట్టం వేలాడుతూ. ఆమెతో మాట్లాడటం మానేశాను. పండుగనాడు మటన్ మూడోసారి వడ్డించుకోకుండా లేచిపోయాను. మా ఇంట్లో అంతకంటే పెద్ద నిరసన ఇంతవరకు జరగలేదు.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. పండుగకని అలియాబాద్ నుంచి వచ్చింది. దసరాకు మావాళ్ళు బండికి, పనిముట్లకు పూజ చేస్తారు. మా అమ్మ లెక్కలో మోటారు ఉన్నదల్లా పనిముట్టే. నేను షాపులో డ్రిల్లింగ్ మిషన్‌కు దండ వేసి వచ్చేలోపు ఆమె ఇంట్లో పళ్ళెం పట్టుకుని తిరిగింది. స్కూటీకి, మిక్సీకి, నీళ్ళ మోటారుకు, కుట్టుమిషన్‌కు పసుపూ కుంకుమా పెట్టింది. ఆఖరికి నా మంచం దగ్గరికి వచ్చింది. మిక్సీ ఆగితే చట్నీ ఆగుతుంది, ఇది ఆగితే కొడుకే ఆగిపోతాడని ఆమె నమ్మకం. కాబట్టి దీనికి చిటికెడు పెడితే చాలదనుకుంది. పెట్టెకు దండ వేసింది. మాస్కులో గుప్పెడు పసుపు, గుప్పెడు కుంకుమ పోసింది. మా ఆవిడ కడిగి ఆరబెట్టిన నీళ్ళ డబ్బా ఖాళీగా కనిపించేసరికి, కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు నేలపాలు చేయడం ఇష్టం లేక అందులో పోసి డబ్బాను దాని చోట్లో పెట్టేసింది.

ఇవేవీ నాకు తెలియవు. మధ్యాహ్నం అలిగి గదిలోకి వెళ్ళి, కిటికీ తెరలు లాగి, చీకట్లోనే మాస్కు అందుకుని ముక్కుకు తగిలించి స్విచ్ నొక్కాను.

మొట్టమొదట పసుపు వచ్చింది. తర్వాత కుంకుమ. కళ్ళలోకి, ముక్కులోకి, నోట్లోకి. లోపల కొబ్బరినీళ్ళు బుడబుడమన్నాయి. మిషన్ కీచుమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. నేను గుడ్డివాడిలా తలుపు తడుముకుంటూ హాల్లోకి పడ్డాను. మొఖమంతా పసుపు, నుదుటి నుంచి గడ్డం దాకా ఎరుపు, మెడలో వేలాడే గొట్టం, ఆగని తుమ్ములు. తుమ్మినప్పుడల్లా తల ఊగుతోంది.

మా అమ్మ చూసింది.

"తల్లీ! ఎల్లమ్మ తల్లీ!" అని చేతులు జోడించింది. ముసలి మనిషి, మోకాళ్ళ నొప్పులన్నీ మరచి వాకిట్లోకి ఉరికి వేపరెమ్మ తెంపుకొచ్చింది. చెంబెడు నీళ్ళు నా కాళ్ళ మీద పోసింది.

నేను తుమ్మాను.

"గుస్స కాకు తల్లీ. ఏం తప్పు జేసినమో చెప్పు. బోనం తక్కువైందా?"

మళ్ళీ తుమ్మాను.

"మస్తు గుస్సల ఉన్నది," అంది అమ్మ వంటింటి వైపు తిరిగి. "జల్దీ రా బిడ్డా, తల్లికి మొక్కు!"

అమ్మా, నేనే, నీ కొడుకును అని చెబుదామనే నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ మా ఆవిడ కనిపించింది. కోపమంతా తిరిగి వచ్చింది. చిన్న సవతి ఇప్పుడే పోయింది. పండుగ పూట దుకాణాలు మూసి ఉంటాయి. ఇక రాత్రికి నా గతేమిటి? ఇన్నాళ్ళూ నేను చెప్పిన మాట నిజమైంది, అయినా చేతిలో ఏమీ లేకుండా పోయింది.

"నా పాత మిషన్ యాడ?" అని గట్టిగా అరిచాను. గొంతులో పసుపు ఉండటం వల్ల ఆ గొంతు నాకే కొత్తగా వినిపించింది. "గది లేకుంటే ఈ ఇంట్ల ఒక్కల్ని నిద్ర పోనియ్య!"

అమ్మ వేపరెమ్మతో నాకు విసురుతూ వంటింటి వైపు తిరిగింది. "ఇచ్చెయ్ బిడ్డా. తల్లి అడుగుతాంది, ఇచ్చెయ్!"

మా ఆవిడ గరిటె కింద పెట్టింది. కొంగు సర్దుకుని రెండు చేతులూ జోడించింది.

"శాంతపడు తల్లీ. నీ మిషన్ యాడికి పోలే. నా ట్రంకుపెట్టెల, పట్టుచీరెల కింద ఉన్నది. ముందుగాల పోయి మొఖం కడుక్కో."

దేవత నన్ను అక్కడికక్కడే వదిలిపెట్టింది. అమ్మ ఇప్పటికీ అది ఎల్లమ్మ తల్లేనని అంటుంది. నేను కాదనలేదు.

మొఖం కడుక్కుని వచ్చేసరికి మా ఆవిడ పెట్టె తెరిచి, చీరెల మడతలు ఎత్తి పాత మిషన్‌ను బయటికి తీస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. ఎందుకు దాచావని అడిగాను. ఆమె గొట్టం చుట్ట విప్పుతూ చెప్పింది.

"గా సామాన్లోడు బండి మీద పెట్టిండు. పని జేస్తదా అమ్మా అని అడిగిండు. సూపిస్తనని లోపటికి తెచ్చి ప్లగ్గు పెట్టిన. దాని సప్పుడు ఇనంగనే నాకు ఇయ్యబుద్ధి కాలే."

"ఏం సప్పుడు?"

"ఏం సప్పుడేంది? నీకేం ఎర్క. గిది రాకముందు నీ గురక ఆగినప్పుడల్ల లేసి, నీ ముక్కు కాడ చెయ్యి పెట్టి సూసేదాన్ని. మల్ల ఊపిరొచ్చేదాక నా పానం నా దగ్గర ఉండకపోయేది. గిది వచ్చి హోరుమన్నంకనే నేను నిద్రపోయిన. గా కొత్తదేమో సప్పుడే జెయ్యది. నువ్వున్నవో లేవో ఎర్కైతలేదు. మల్ల లేసి సూసుడే అయితాంది."

"మరి నాకు చెప్పొద్దా?"

"దసరా దాకనే అని గడువు పెట్టింది నేనాయె. ఏ మొఖంతోని చెప్పాలె?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆమె అంటే నాకు ఎంత ప్రేమో ఆ క్షణంలో తెలిసినంతగా పెళ్ళినాడు కూడా తెలియలేదు. ఆ మాట పైకి అన్నాను కూడా. ముక్కులో ఇంకా కుంకుమ ఉండటం వల్ల చివర తుమ్ము వచ్చి సగమే వినపడింది. ఆమె సిగ్గుపడి, ఇగ పండుకో అంది.

ప్లగ్గు పెట్టి, డబ్బాలో మంచినీళ్ళు పోసి, పాత మాస్కును ఈసారి వెలుతురులో తిప్పి తిప్పి చూసి తగిలించుకున్నాను. స్విచ్ నొక్కగానే హోరు మొదలైంది. అమ్మ తలుపు దగ్గర చాప మీద ఒరిగింది, చేతిలో వేపరెమ్మ అట్లాగే ఉంది. మా ఆవిడ సరిగ్గా నడుస్తుందో లేదో చూద్దామని మంచం మీద కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే నా పక్కకు వాలి నిద్రపోయింది.

కాసేపటికి ఆమె నోరు కొద్దిగా తెరుచుకుంది. గురక మొదలైంది. సన్నగానే అనుకోండి, కానీ గురకే.

దవాఖాన సామాను ఇంట్లో ఉంటే ఇంకొకరికి రోగం వస్తుందని ఆమె అన్న మాట గుర్తొచ్చి నవ్వుకున్నాను. లేచాక ఈ మాటతో ఎంత ఏడిపించవచ్చో లెక్కలు వేసుకుంటున్నాను. ఇంతలో ఆమె గురక ఆగింది.

నా నవ్వు కూడా ఆగింది. మోచేతి మీద లేచాను. గొట్టం అంత దూరం అందదు, నేను ఆమె వైపు జరిగితే మిషన్ కూడా బల్ల అంచుకు జరిగింది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చెయ్యి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. వెచ్చగా ఊపిరి తగిలింది. వెనక్కి పడుకున్నాను.

కళ్ళు మూసుకున్నాను కానీ నిద్ర రాలేదు. మళ్ళీ లేచి చూశాను.