పసుపు లైటు కింద ఎర్ర చీర

పోయిన ఆదివారం సాయంత్రం ఆరూ నలభైకి, సూర్యాపేటలో మా గల్లీ స్తంభానికి ఏళ్ల తరబడి వేలాడిన పసుపు లైటును దించి తెల్ల లైటు బిగించారు. రోజూ చీకటి పడగానే మట్టిరంగుకు తిరిగే ఎదురింటి గేటు, పట్టపగలు ఉన్నట్టే ఎర్రగా నిలబడింది. అరుగు మీద కూర్చున్నదాన్ని ఉలిక్కిపడి లేచాను. కోదాడ కాలేజీలో చదివే నా మనవరాలు పక్కనే ఉండి, "గేటు మారలే నాయనమ్మా, లైటు మారింది" అని నవ్వింది.

వెలుగు అలలుగా వస్తుందట. ఎరుపుది పొడుగు అల, నీలానిది పొట్టి అల. ఎర్ర గుడ్డ ఎర్ర అలనే వెనక్కి పంపుతుందట. ఆ పాత లైటులో ఉన్నది పసుపు ఒక్కటే కాబట్టి, పంపడానికి ఏమీ లేక ఎరుపు నల్లబడుతుందట. నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, అలల పాఠం దాకా నా చదువు పోలేదు. కానీ ఈ సంగతి నాకు తెలియదని మాత్రం అనను.

మిర్యాలగూడలో, నాన్న పోయాక, అమ్మా నేనూ పెదనాన్న ఇంట్లోనే ఉండేవాళ్లం. పెదనాన్న భార్యను నేను పెద్దమ్మ అనేదాన్ని. ఆమే అమ్మను రైసు మిల్లులో బియ్యం చెరిగే పనికి వెంట తీసుకుపోయేది, అమ్మ కొంగు పట్టుకొని నేనూ పోయేదాన్ని. మొగుడు పోయిన ఆడది ఎరుపు కట్టకూడదని పెదనాన్న పట్టు. కట్టిన రోజు మూట సర్దుకొని బయటికి నడవాలని అందరి ముందూ చెప్పాడు, చెప్పింది చేసే మనిషే. మాకు వేరే గడప లేదు. అమ్మకున్న ఒకే ఒక ఎర్ర చీర, నాన్న తెచ్చింది, పెట్టె అడుగున పడి ఉండేది.

మిల్లు ఆవరణలో పొద్దు గూకాక పెద్ద పసుపు లైటు వేసేవారు. ఒకనాడు దాని కింద అమ్మ సద్ది విప్పితే మిరపకాయ తొక్కు నల్లగా కనిపించింది. "ఏందే, పొయ్యిలకెల్లి బొగ్గు దెచ్చుకున్నవా?" అని బస్తాలు కుట్టే ముసలమ్మ ఎగతాళి చేస్తే, వరుసలో చెరిగే అక్కాచెల్లెళ్లిద్దరితో సహా అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు, తొక్కు వంకే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత అప్పుడప్పుడు, లైటు వేశాక, తవుడు బస్తాల వెనక నేను గోనెపట్టా అడ్డం పట్టుకుంటే, అమ్మ ఎర్ర చీర కట్టుకొని వచ్చి వరుసలో కూర్చునేది. ఎవరి కంటికీ అది ఎరుపు కాదు. అమ్మ కంటికీ కాదు. మరెందుకు కట్టడమని అడిగితే, "ఒంటికి తెలుస్తది బిడ్డా" అన్నది.

అమ్మ ఎర్ర చీరలో ఉన్న ఒక సాయంత్రం ఆ లైటు మాడిపోయింది. మళ్లీ పసుపుదే వేస్తారనుకున్నాం. కరెంటు మేస్త్రీ వచ్చి నిచ్చెనెక్కి ట్యూబులైట్లు పెట్టాడు. అవి టపటపా కొట్టుకొని వెలిగాయి, చేటల మధ్య అమ్మ నిప్పులా బయటపడింది. చెరగడం ఆగిపోయింది. పెద్దమ్మ లేచి వచ్చింది, ఇక అయిపోయిందనుకున్నాను. ఆమె నా చేతిలోని గోనెపట్టా గుంజి అమ్మ భుజాల మీద కప్పి, "సలి పెడ్తుంటే చెప్పొద్దానే? మీరేం సూస్తున్నరు, బియ్యం సూడుండ్రి" అని కసిరింది.

మాట ఎట్లా పాకిందో, తెల్లారేసరికి పెదనాన్న చెవిన పడింది. ముసలమ్మను కూడా పిలిపించి, పెద్దమ్మను నిలబెట్టి అడిగాడు. అమ్మ అప్పటికే మా బట్టలు మూట కడుతున్నది.

"ఎరుపా? గా కొత్త లైటు కింద అన్నీ ఎర్రగనే కొడ్తున్నయి. నా చీర గూడ ఎర్రగనే ఉండె" అన్నది పెద్దమ్మ, కన్ను కూడా ఆర్పకుండా.

"నా తెల్లెంటికలు సుత ఎర్రగనే కనబడ్డయి అయ్యా, నాకే సిగ్గయింది" అన్నది ముసలమ్మ.

మిల్లుకు వెళ్లి చూస్తే తేలిపోయేది. ఆయన వెళ్లలేదు. నమ్మాడో, నమ్మాలనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ మూట విప్పింది. మిల్లులో ట్యూబులైట్లు అలాగే ఉండిపోయాయి, ఎర్ర చీర మళ్లీ పెట్టె అడుగుకు పోయింది, అమ్మ దాన్ని మరి కట్టలేదు.

రంగంతా లైటును బట్టే అని పెద్దమ్మ ఆనాడు ఆడిన అబద్ధం ఇప్పుడు కాలేజీలో పాఠమని తెలిసి నవ్వొచ్చింది. మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆదివారం ఆ తెల్ల లైటు కింద నేను ఎర్ర చీరతోనే కూర్చున్నాను, గల్లీలో ఎవరూ తల తిప్పి చూడలేదు. మంచిదే. కానీ చూసీ చూడనట్టుండి ఒక మనిషిని కాపాడినవాళ్లు మాత్రం నా కళ్ల ముందు నుంచి పోరు. ఆ సాయంత్రం మిల్లులో ఉన్నది వీళ్లు: మా అమ్మ, పెద్దమ్మ, బస్తాలు కుట్టే ముసలమ్మ, మా వరుసలో చెరిగే అక్కాచెల్లెళ్లిద్దరు, నిచ్చెన మీది మేస్త్రీ, ఖాళీ చేతులతో నేను.