తిమ్మరాయప్ప సాకిన సముద్రపు గుల్లలు

మా కాలేజీ జువాలజీ ల్యాబు అటెండరు తిమ్మరాయప్ప నగర్తపేట దాటి వెళ్లిన దూరం మహా అయితే ఊరవతలి కె.ఆర్.పురం, అదీ మేనకోడలి పెళ్లికి. సముద్రం ఎన్నడూ చూడలేదు. అయినా నేను చదువుకున్న 1958లో సముద్రం గురించి ఆయన చెప్పినంత ధైర్యంగా మా లెక్చరరు ఓబళప్ప గారు కూడా చెప్పేవారు కాదు.

ఏటా పరీక్షల ముందు మద్రాసు నుంచి రైల్లో జాడీడు సముద్రపు నీళ్లు, అందులో బార్నకిల్స్ అంటుకున్న రాళ్లు వచ్చేవి. చూడ్డానికి తెల్లని గుల్లలే గానీ నత్తలకు కాదు, రొయ్యలకు చుట్టాలు. చిన్నప్పుడు ఈదుతూ తిరిగి, నచ్చినచోట తల అతికించుకుని, చుట్టూ ఇల్లు కట్టుకుని, ఇక బతికినన్నాళ్లూ కాళ్లతోనే ఆహారాన్ని నోట్లోకి తోసుకుంటాయి.

"మా బావమరిదీ ఇంతే అప్పా. కరగ జాతర చూస్తానని వచ్చి మా ఇంట్లో అతుక్కున్నాడు. వాడు చేత్తో తింటాడు, అంతే తేడా" అనేవాడు తిమ్మరాయప్ప.

పరీక్షలో అవి బతికుండి కాళ్లు ఆడించాలి. ఒక్కటీ చావకుండా చూడటం తిమ్మరాయప్పకు పరువు సమస్య. నీళ్లు ఆవిరైతే జాడీ మీది గీత దాకా మంచినీళ్లు పోసి, వేలు ముంచి ఉప్పదనం సరిపోయిందో లేదో రుచి చూసేవాడు.

ఆ ఏడు పరీక్ష ముందురోజు గుల్లలన్నీ మూసుకుపోయాయి.

"చచ్చాయి, పారేయ్" అన్నారు ఓబళప్ప గారు.

తిమ్మరాయప్ప ముఖం మాడిపోయింది. "రేపు పొద్దున దాకా ఆగండి సార్. తిని తిని మొగం మొత్తిండాది వాటికి."

నీళ్లు వేరే జాడీలోకి వంపి, రాళ్ల మీద తడి గోనెసంచి కప్పి ఉపవాసం పెట్టాడు. మర్నాడు పరీక్షకుడి ఎదుట ఆ నీళ్లే పోశాడు. కాసేపటికి ఒక్కొక్క గుల్లా తలుపు తీసి సన్నని ఈకల్లాంటి కాళ్లు విసరసాగింది. ఆటుపోట్లకు అవి మూసుకుని తెరుచుకునేదీ ఇలాగేనని ఓబళప్ప గారు మాకు విడమరిచి చెప్పారు. ఆ తెలివి నిన్న ఎక్కడికి పోయిందో మేం అడగలేదు.

1964లో, నేనూ అక్కడే లెక్చరరునయ్యాక, విద్యార్థులతోపాటు ఆయన్నీ మద్రాసు తీసుకెళ్లాను. హార్బరు రాళ్ల నిండా, కనుచూపు మేర, తెల్లని గుల్లలు.

"ఇన్నింటికీ నీళ్లు మార్చేదెవరు సార్?" అన్నాడు తిమ్మరాయప్ప.

పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, అందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. అల వచ్చి రాళ్లను ముంచి పోయింది. మళ్లీ వచ్చింది.

"జీతం లేకుండా చేస్తా ఉండాది" అన్నాడు మెల్లగా. "నేనే సాకుతా ఉండానని ఇన్నేండ్లూ మీసం తిప్పితినే!"

తిరిగొచ్చాక జాడీలో నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించడం మానేశాడు. స్టూలు మీద కూర్చుని, చెంబుతో కాసిని పోసి, వంపి, మళ్లీ పోసేవాడు. గంట కొట్టినా లేచేవాడు కాదు.