నైరుతి మూల బరువు

ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు ఇంకా లేని రోజులు. ఆ దుమ్ము, ఆ ఇరుకు షేర్ ఆటోలు ఇప్పుడు తలుచుకుంటే ఎంత తీపిగా ఉంటాయో! తెనాలి వైపు నుంచి వచ్చి హబ్సిగూడలో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో చేరాను. నాకు ఒప్పజెప్పిన మొదటి పెద్ద పని నాచారంలో ఒక నర్సింగ్ హోం ప్లాను. హాస్టల్లో అందరికీ అది చూపించి విసిగించాను.

దాన్ని కట్టిస్తున్న డాక్టరమ్మ కోరిక ఒక్కటే. అద్దె ఇంట్లో నడిపే క్లినిక్‌లో వానాకాలం జ్వరాలకు మంచాలు చాలక రోగుల్ని తిప్పి పంపేది. ఇక ఎవర్నీ పొమ్మనలేనంది. అందుకే కింది అంతస్తులో ఒక హాలుకు లోపల గోడలు పెట్టలేదు నేను. కదిపే చెక్క అడ్డాలే. మామూలప్పుడు ఓపీ గదులు, పిల్లల టీకాలు. జ్వరాలొస్తే అడ్డాలు తీసి వార్డు. రేపు ఏది మారినా పగలగొట్టే పని లేకుండా నీళ్లు, ఆక్సిజన్ గొట్టాలన్నీ బయటి గోడల వెంబడే గీశాను.

అంతా బాగుందనుకుంటే వాస్తు వచ్చి కూర్చుంది. స్థలం డాక్టరమ్మ అత్తగారిది, ఒకప్పుడు వాళ్లు జొన్న వేసిన చెలక. హాలు సరిగ్గా నైరుతిలో పడింది. ఆ మూల బరువు లేకపోతే ఇంటి మగవాళ్లకు ముప్పని ఎవరో ఆ అత్తగారి చెవిన వేశారు. ఆమెకు భర్త పోయాడు, ఉన్నది ఒక్క కొడుకు. ఇటుక గోడలు కట్టి స్టోరు రూము చేయాల్సిందేనని పట్టుబట్టింది. మేస్త్రీ ఇటుక దింపించేశాడు కూడా. నా ప్రాణం ఉసూరుమంది.

నాకేమో ముక్కు మీదే కోపం. మా సారు వద్దంటున్నా తిన్నగా వాళ్లింటికి పోయి, బరువు ఉండాలన్నారు గానీ గోడే ఉండాలన్నారా పెద్దమ్మా అని అడిగేశాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఆంధ్రా పిల్లలకు నోరు మస్తుంటదని కోడలితో అంది. చివరికి ఒప్పందం కుదిరింది. గోడ వద్దు, చక్రాల బీరువాలు నిండా సామానుతో ఆ మూలన ఉండాలి. వాటితో పాటు ఆమె పాత ఇంటి రాతిరోలు. దాన్ని మాత్రం ఎవరూ కదపకూడదు. ఆస్పత్రిలో రోలేమిటని మా ఆఫీసువాళ్లు నన్ను ఏడిపించని రోజు లేదు. ఆ హాలుకు చట్నీ వార్డని పేరు పెట్టారు.

ఆస్పత్రి తెరిచాక రెండో వానాకాలం జ్వరాలు ముంచెత్తాయి. ఎలా ఉందో చూద్దామని పోయాను. అడ్డాలు తీసేశారు, బీరువాలు వరండాలోకి దొర్లించారు, హాలు నిండా మంచాలు. తలుపు దగ్గర ఒక తల్లి, ఒళ్లు కాలిపోతున్న పిల్లను ఒళ్లో వేసుకుని నేల మీద కూర్చుంది. ఇంకొక్క మంచం పట్టాలంటే రోలున్న చోటు తప్ప లేదు. డాక్టరమ్మ అత్తవైపు చూసింది గానీ నోరు తెరిచి అడగలేదు. నేనూ అడగలేకపోయాను. పెద్దమ్మ భయం ఏమిటో నాకు తెలుసు.

పెద్దమ్మ వచ్చి రోలు మీద చెయ్యి వేసింది. తర్వాత వార్డుబాయ్‌లను పిలిచింది.

"దీన్ని బయట వెట్టున్రి."

నేను నిజమా అన్నట్టు చూశాను.

"ఇంతమంది పండుకున్నరు గద బిడ్డా," అంది, "ఈ మూలకు ఇంకేం బరువు గావాలె?"

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. రోలు గేటు దాకా పోయింది, మళ్లీ లోపలికి రాలేదు. దాని చోట వేసిన మంచం మీద దుప్పటి పరిచింది పెద్దమ్మే.