జ్ఞానమణత్త డిప్పలు

సెప్టెంబరు నెల రెండో ఆదివారం మధ్యాహ్నం, కల్లూరులో పాస్టరు దావీదురాజుగారికి భోజనంలో ఆయన తలకాయనే వడ్డించారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ప్రార్థన ముగించుకొని అయ్యగారు ఆకలిగా కూర్చున్నారు. గుత్తివంకాయ కూర వచ్చింది. వడ్డిస్తున్న జ్ఞానమణి గరిటెలోని పెద్ద వంకాయను ఒకసారి, ఆయన్ని ఒకసారి చూసి, "తినండయ్యగారూ, ఇది మీరే. పొద్దున కడిగేటప్పుడే గుర్తుపట్టినా. అదే గుండు, అవే చెవులు," అంది.

అయ్యగారు కంచంలో తన్ను తాను చాలాసేపు చూసుకున్నారు. తర్వాత మజ్జిగన్నం తిని లేచారు. ఆయన పక్కన కూర్చున్న ఐదేళ్ళ జెస్సీ మాత్రం కిసుక్కున నవ్వి, అయ్యగారి చెవి తనకు కావాలని అడిగి పెట్టించుకుంది.

జ్ఞానమణికి ఉన్నది ఆ ఒక్క అలవాటే. కాయ మొహం చూడనిదే కోయదు. కత్తిపీట ముందు కూర్చుని, ఒక్కో కాయనూ చేయి చాచినంత దూరంలో పట్టుకుని, కిటికీ వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, అది ఊళ్ళో ఎవరి పోలికో తేల్చాలి. తేలిందాకా కూర లేదు. ఒక ఆలుగడ్డ తేలక మధ్యాహ్నం అన్నం నాలుగు గంటలకు తిన్న రోజులున్నాయి. తేలిన తర్వాత కూడా మర్యాదలుంటాయి. పెద్దవాళ్ళయితే, "ఏమనుకోవద్దు సామీ," అని మెల్లగా కోస్తుంది. పడనివాళ్ళయితే ముక్కలు సన్నగా పడతాయి. బీన్సుకు మొహాలుండవు కదా అని ఒకసారి మేనకోడలు ప్రేమజ్యోతి తెలివిగా బీన్సు తెచ్చింది. జ్ఞానమణి వాటిని కాళ్ళను బట్టి గుర్తుపట్టింది.

ఇంత నిశితమైన చూపు గల మనిషికి బైబిలు చదవాలంటే అద్దాలు కావాలి. సూదిలో దారం ఎక్కించాలన్నా కావాలి. కాయలకు మాత్రం అక్కర్లేదు. ఆ అద్దాలు ఏనాడూ వంటింటి గడప దాటి లోపలికి రాలేదు.

ప్రేమజ్యోతికి ఈ అలవాటు కొత్తది కాదు. తల్లి పోయాక, ఆరేళ్ళ పిల్లను లారీ నడిపే తండ్రి బేతంచెర్లలో ఉండే అక్క జ్ఞానమణి ఇంట్లో దింపి వెళ్ళాడు. అప్పటి నుంచి ఆ పిల్ల తిన్నదంతా ఎవరో ఒకరి మొహమే. మామ లేవి నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి జుట్టు నుంచి కాలిగోరు దాకా తెల్లగా రాతిపొడి. కళ్ళొక్కటే నల్లగా కనిపించేవి. వీధికి కొత్తగా వచ్చిన పిల్లలు ఆయన్ని చూసి కేకలు పెట్టి పరిగెత్తేవాళ్ళు. ఆయన తొట్టి దగ్గర నాలుగు చెంబులు పోసుకుని, మనిషి రంగులోకి వచ్చి, కంచం ముందు కూర్చునేవాడు.

"ఏమే, ఈ పొద్దు ఎవుర్ని వండినావు?"

"మీ మేస్త్రీని."

"అట్లయితే ఇంకో రెండు గరిటెలు ఎయ్యి."

ఆ ఇంట్లో కాకరకాయ మాత్రం ఎప్పుడూ ప్రేమజ్యోతే. "మొగమంతా ముడతలు, మూతి ముడుచుకోని, తలొంచుకోని. అచ్చం నువ్వేమ్మే," అనేది అత్త. "నేను కాదు!" అని ఏడుస్తూ ప్రేమజ్యోతి ఆ కాయను మొత్తం తినేసేది, సాక్ష్యం మిగలకుండా. పెళ్ళి కుదిరి వసంతకుమార్ మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు కూడా అంతే. తుమ్మలపల్లె గనిలో ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా, ఆరడుగుల మనిషి. జ్ఞానమణి లోపల్నించి ఒక పొట్లకాయ తెచ్చి ఆయన పక్కన నిలబెట్టి చూసి, "సరిపోయె," అంది. పెళ్ళి జరిగింది. వసంతకుమార్ ఈనాటికీ పొట్లకాయ ముట్టడు.

మూడేళ్ళ కిందట లేవి పోయాడు. మొన్న జూన్‌లో కూతురు జెస్సీ చదువు కోసం ప్రేమజ్యోతి కర్నూలు పక్కనే ఉన్న కల్లూరుకు మారుతూ అత్తను కూడా తెచ్చుకుంది. కర్నూలులో ఇంగ్లీషు మీడియం బడి. బేతంచెర్లలో వీధి వీధంతా వినపడేలా మాట్లాడిన జెస్సీ, బడిలో రెండో రోజున లేచి, "మిస్సూ, నా పెన్సిలు యాడ?" అంది.

తరగతంతా నవ్వింది. ముందు పళ్ళు రెండూ ఊడిన ఒక పిల్లాడు బల్ల మీద చేత్తో కొట్టి మరీ నవ్వాడు. మర్నాటి నుంచి ఆమె పేరు "యాడ జెస్సీ" అయింది. ఆ తర్వాత జెస్సీ బడిలో ఏమీ అడగలేదు. పెన్సిలూ అడగలేదు, నీళ్ళూ అడగలేదు. అన్నం డబ్బా వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొచ్చేది. 'మీ పాప నోరు విప్పడం లేదు' అని నాగలత మిస్సు డైరీలో రాసి పంపింది. ప్రేమజ్యోతి ఇంట్లో కూర్చోబెట్టి, "యాడ కాదమ్మా, ఎక్కడ. ఎక్కడ అనాలి," అని నేర్పింది. దాంతో జెస్సీ ఇంట్లో కూడా మాట్లాడటం తగ్గించింది.

ఇలా ఉండగా అక్టోబరు చివర్లో బడి గ్రూపులో మెసేజి వచ్చింది. శుక్రవారం హాలోవీన్. తల్లులందరూ తలా ఒక పదార్థం తేవాలి. ప్రేమజ్యోతి వంతుకు 'వెజిటబుల్ అండ్ డిప్ ప్లాటర్' పడింది. ఆమె ఫోనులో ఒక వీడియో వెతికి పదకొండుసార్లు చూసింది. అందులో క్యారెట్లు దయ్యం వేళ్ళు, బాదంపప్పులు గోళ్ళు, క్యాప్సికానికి కళ్ళూ కోరలూ చెక్కి, దాని కడుపులో తెల్లటి పెరుగు డిప్పు. సరిగ్గా ఇలాగే ఉండాలి, వెంట్రుకవాసి తేడా రాకూడదు అనుకుంది. ఈసారి తన పిల్లను చూసి ఎవరూ నవ్వకూడదు.

"దయ్యాల పండగా?" అంది జ్ఞానమణి. "మన సమాధుల పండగ రెండో తేదీ కదమ్మే. ఈళ్ళు రెండ్రోజులు ముందే లేపుతాండారా?"

గురువారం పొద్దున ప్రేమజ్యోతి, తను పనిచేసే అట్టపెట్టెల కంపెనీకి పోతూ, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ గుమ్మంలోంచి చెప్పింది. "అత్తా, క్యారెట్లు వేలంత కొయ్యి. కీర చక్రాలు కొయ్యి. ఈ ఒక్కసారికి మొగాలు చూడొద్దు, నీకు పుణ్యముంటాది. డిప్పు నేనొచ్చి చేస్తా."

"డిప్పలకు నువ్వెందుకు? నేను చేస్తాలే పో."

"నీకొస్తాదా?"

"డిప్పలు రానోళ్ళుంటారామ్మే!"

సాయంత్రం ఆమె వచ్చేసరికి ఇత్తడి తాంబాళం మీద తడిగుడ్డ కప్పి ఉంది. తీయబోతే, "వాడిపోతాయి, పొద్దున చూడు," అని అత్త చేతి మీద కొట్టింది.

శుక్రవారం పొద్దున, బయట సుంకప్ప షేరాటో హారను కొడుతుండగా గుడ్డ తీశారు. తాంబాళంలో బియ్యం కుప్ప. దాని మీద వరసగా వాల్చి పెట్టిన నాలుగు టెంకాయ డిప్పలు. పీచు తలమీద జుట్టులా లేచి ఉంది. టెంకాయకుండే మూడు కళ్ళలో రెండు కళ్ళుగానూ, మూడోది తెరిచిన నోరుగానూ, నాలుగూ ప్రేమజ్యోతినే చూస్తున్నాయి. చుట్టూ కాయలు. ఒక్కటీ కోయలేదు. క్యారెట్టుకు క్యారెట్టు, టమాటకు టమాట, అన్నిటికీ మిరియాల కళ్ళు, కొత్తిమీర జుట్టు, బియ్యపుగింజల పళ్ళు.

"అత్తా! ఇవేంది?"

"డిప్పలు. నువ్వే కదా చెప్తివి."

"డిప్ప కాదత్తా, డిప్పు! ముంచుకోని తినేది!"

"ముంచుకోండి, ఎవరొద్దన్యారు? లోపల ఊరిబిండి ఉండాది."

ఊరిబిండి అంటే వేయించిన వేరుశనగ బుడ్డలూ మిరపకాయలూ చింతపండూ కలిపి నూరిన చట్నీ. రాయలసీమ పెద్దవాళ్ళు కూడా పక్కన చెంబెడు నీళ్ళు పెట్టుకుని తింటారు.

"చిన్నపిల్లోల్లు అత్తా! కారం?"

"తగ్గించినా. పన్నెండు మిరపకాయలేసేకాడ పదే ఏసినా. ఏడ్చినోళ్ళకని రెండు డిప్పల్లో పెరుగుపచ్చడి ఉండాదిలే."

"మరి ఈ మొగాలు? చూడొద్దని చెప్తి కదా!"

"ఎట్ల చూడకుండ కోసేది? ఇరవై ఆరుమందీ జెస్సీ కలాసోళ్ళే. అది సాయంత్రాలు ఒగొగరి సంగతి చెప్తాంటే ఇని పెట్టుకున్యా."

ఇంకేం చేయడానికీ సమయం లేదు. తాంబాళం ఆటోలో ఎక్కుతుంటే సుంకప్ప భక్తిగా చూసి, "దిష్టికాక్కా? శానా బాగున్యాయి. నా ఆటోకి ఒగటి ఈయక్కా," అన్నాడు. ప్రేమజ్యోతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బడి చేరేదాకా నాలుగు డిప్పలూ నోళ్ళు తెరుచుకుని ఆమె ఒళ్ళోంచి చూస్తూనే ఉన్నాయి.

బడిలో బల్లల మీద సాలీడు కేకులు, గబ్బిలం బిస్కెట్లు. పిల్లలు నల్ల అంగీలు, తెల్ల దుప్పట్లు. దుప్పటి కప్పుకున్న ఒక బుడ్డోణ్ణి చూసి జ్ఞానమణి, "అయ్యో, అచ్చం మీ మామ పనిలోంచి వచ్చినట్టుండాడు," అని గడ్డం పట్టుకుని ముద్దుపెట్టుకుంది. తాంబాళాన్ని చివరి బల్ల మీద దించారు. ఒక తల్లి మెల్లగా ఫోటో తీసింది. నాగలత మిస్సు వచ్చి, వంగి చూసి, "ఇది ఏ థీమండీ?" అంది.

"డిప్పలు మిస్సమ్మా," అంది జ్ఞానమణి.

ప్రేమజ్యోతి నేలకేసి చూస్తూ నిలబడింది. జెస్సీ తల్లి కొంగు వెనక దూరింది. సరిగ్గా అప్పుడే పళ్ళూడిన ఆ పిల్లాడు వచ్చాడు. తాంబాళంలో ఒక టమాట దగ్గర ఆగిపోయాడు. దానికి బియ్యపుగింజల పళ్ళున్నాయి, ముందు రెండూ లేవు. పిల్లాడు నాలుకతో తన చిగుళ్ళు తడుముకున్నాడు.

జ్ఞానమణి ఆ టమాటను తీసి, చేయి చాచి, వెలుతురుకు పట్టుకుంది. అటు తిప్పింది. ఇటు తిప్పింది. "ఇది ఎవురబ్బా? నాకు తెల్డంలే. ఈడ అందురూ కొత్తోళ్ళాయె. జెస్సీ, నువ్వన్నా చెప్పు."

జెస్సీ కదల్లేదు.

"సరే, తెలీనప్పుడు పారేద్దాం," అంది జ్ఞానమణి విచారంగా. టమాట గాల్లోకి లేచింది.

"పారెయ్యొద్దు!" కొంగు వెనక నుంచి వచ్చింది గొంతు. "వాడేలే అవ్వా. ఈడే ఉండాడు."

"యాడ?"

"ఈడ! పండ్లు చూడు, పండ్లు!"

పిల్లాడు తన టమాటను రెండు చేతులా అందుకున్నాడు. దాన్ని చూసి నవ్వాడు. అంతే. ఇరవై నాలుగు మంది బల్ల మీద పడ్డారు. జెస్సీ కుర్చీ ఎక్కింది. "ఈ బుడంకాయ నువ్వు! ఈ వంకర క్యారెట్టు నువ్వు, ఎప్పుడూ వాలిపోతాంటావు కదా. పచ్చిమిరపకాయ నాగలత మిస్సు! మిస్సూ, తినేకి కాదు నువ్వు, చూసేకి!"

"నాది యాడ?" అన్నాడొకడు.

"జెస్సీ, నాది యాడ?" అంది ఇంకో పిల్ల.

"నాది యాడ? నాది యాడ?" తరగతంతా అరుస్తోంది. నాలుగు నెలలుగా ఏ మాటను మాన్పించాలని ప్రేమజ్యోతి నానా తంటాలు పడిందో, ఆ మాట ఇరవై ఐదు గొంతుల్లో గోడలకు తగిలి మోగుతోంది. పళ్ళూడిన పిల్లాడు తన్ను తాను ఊరిబిండిలో ముంచుకుని కొరికాడు. నీళ్ళ కుండ దాకా పరిగెత్తాడు. తిరిగొచ్చి, పెరుగుపచ్చడిలో ముంచుకుని మిగతా తన్ను తినేశాడు. పిల్లలు ముట్టని గబ్బిలం బిస్కెట్లు తల్లులు పంచుకున్నారు.

శనివారం గ్రూపులో ఫిర్యాదులు మొదలయ్యాయి. 'మా బాబు బెండకాయ ఎవరో చెప్పనిదే తినడం లేదు.' 'మా పాప రాత్రంతా యాడ యాడ అంటోంది.' జెస్సీ డైరీలో నాగలత మిస్సు కొత్తగా రాసింది. 'మీ పాప నోరు మూయడం లేదు. దయచేసి గమనించగలరు.' ప్రేమజ్యోతి ఆ వాక్యాన్ని ఆ వీడియో కన్నా ఎక్కువసార్లు చూసింది.

ఆదివారం సమాధుల పండగకు బేతంచెర్ల వెళ్ళారు. లేవి సమాధికి తెల్లసున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించారు. మామ మళ్ళీ పనిలోంచి వచ్చినట్టే ఉన్నాడనిపించింది ప్రేమజ్యోతికి. తర్వాత గుడి ఆవరణలో భోజనాలకు వంట మొదలైంది. మంచినీళ్ళకని అటు వెళ్ళిన ప్రేమజ్యోతి అలాగే ఆగిపోయింది.

ఆడవాళ్ళ మధ్య అత్త కత్తిపీట వేసుకుని కూర్చుంది. పక్కన వంకాయల బస్తా. తీస్తోంది, నాలుగు ముక్కలు, నీళ్ళలో వేస్తోంది. తీస్తోంది, నాలుగు ముక్కలు, నీళ్ళలో. పక్కామెతో కబుర్లాడుతోంది. ఒక్క కాయనూ చూడటం లేదు.

సొంతూరి సమాధుల కోసం వచ్చిన దావీదురాజుగారు అక్కడే నిలబడి ఉన్నారు. "ఏమమ్మా, కొత్తగా చూస్తాండావా? ఈ ఊర్లో పెండ్లి కానీ చావు కానీ, కాయలు తరిగేకి ఆమెనే పిలుస్తాంటిమి. గంటకు బస్తా. మొగాలు చూసేది నువ్వొచ్చినాకనే కదా మొదలుపెట్టె. మీ అమ్మ పోయినాక నువ్వు మెతుకు ముట్టకుంటివంట. ఒగ ఆదివారం లేవి ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పినాడు, మా పాప కాకరకాయ తినిందని. గుడంతా హల్లెలూయ అనిరి."

అయ్యగారు ఏదో లెక్క కలుస్తున్నట్టు ఆశగా అడిగారు. "అంటే అమ్మా, మొన్నటి ఆ వంకాయ... నేను కానట్టేనా?"

ప్రేమజ్యోతి నవ్వి, వెళ్ళి అత్త పక్కన కూర్చుంది. ఒక కాయ తీసి అందించింది. నాలుగు ముక్కలై నీళ్ళలో పడింది.

"అత్తా, ఇరవై ఎనిమిదేండ్లు కాకరకాయ అచ్చం నువ్వే, నువ్వే అని నన్ను ఏడిపిస్తివి. ఈ పొద్దు నిజం చెప్పు. యాడుండాది పోలిక?"

జ్ఞానమణి తలెత్తలేదు, చెయ్యి ఆపలేదు.

"అద్దాల్లేకుంటే నాకు కాయే కనపడదు, ఇంగ మొగం యాడ కనపడ్తాదమ్మే?"