పోలయ్య చేప, తెల్లబడ్డ నీళ్లు

నల్లమలలో తేనెటీగ పోయే వాలు చూసి తేనెపట్టు ఏ కొమ్మకుందో చెప్పే పోలయ్యకు, గిద్దలూరులో ఒక్క చేపను చూసుకోవడం చేతకాలేదంటే ఎవరు నమ్ముతారు?

కూతురు రాణి తన కాన్పుకని, తల్లి లింగమ్మను తోడు తీసుకుని మార్కాపురం ఆసుపత్రికి పోతూ, కొత్తగా కొన్న గాజుతొట్టినీ అందులోని బంగారు చేపనూ ఆయనకు అప్పజెప్పింది. "నాయనా, నేనొచ్చేసరికి ఇది బతికుండాల" అంది. దానికేమన్నా అయితే కాన్పుకు అపశకునమేమోనని ముసలాయనకు దిగులు పట్టుకుంది. పుట్టబోయే బిడ్డ నాలుకకు రాయాలని నల్లమల నుంచి తెచ్చిన తేనె సీసా గూట్లో సిద్ధంగా ఉంది.

చూసే నోటికి పెట్టకుండా తినడం వాళ్ల ఇంటావంటా లేదు. కంచం ముందు కూర్చుంటే చాలు, చేప గాజుకు మూతి ఆనించేది. తనకో ముద్ద, దానికి నాలుగు మెతుకులు. అట్లా అట్లా నీళ్లు కుడితిలా తెల్లబడ్డాయి. అడవిలో బురదనీళ్లకు చేసినట్టే చిల్లగింజ అరగదీసి కలిపాడు. బురదైతే అడుక్కు దిగేది, ఇది దిగలేదు. రోజూ మొత్తం పారబోసి కొత్త నీళ్లు పోసినా మళ్లీ అదే తెలుపు. చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే రంగుచేపలమ్మే శివనాగరాజు దుకాణానికి పరిగెత్తి, సంగతంతా చెప్పాడు.

"మెతుకులేసినావా మామా? కుళ్లిన కూడంతా తీసెయ్. కొంచెం నీళ్లు మాత్రం తీసి, ఒక దినం నిలవబెట్టిన నీళ్లు పోసి, ఇంక చెయ్యి పెట్టొద్దు. కంటికి కనపడని పురుగులు పుట్టాల. ఆ నీళ్లను అవే తేటజేస్తాయి. నువ్వేమో దినాం వాటిని పారబోస్తివి!"

"కనపడనియ్యా?" అని పోలయ్య నోరెళ్లబెట్టాడు.

ఊరికే కూర్చోవడం ఇంత కష్టమని ఆయనకు తెలియదు. చేపకు వీపు తిప్పి, దొంగలా అన్నం తిన్నాడు. ఒక పొద్దున తలుపు తీస్తే ఎండ తొట్టిలోంచి నేరుగా గోడ మీద పడింది. నీళ్లున్నాయా లేవా అన్నంత తేట! చేప గాలిలో తిరుగుతున్నట్టుంది. ఎవరు చేశారీ పని? కొండంతా తిరిగిన మనిషి ఆ గాజు ముందు చేతులు జోడించాడు.

రాణి పండంటి ఆడపిల్లతో వచ్చింది. లింగమ్మ తేనె సీసా అందించింది. పోలయ్య వేలు ముంచాడు. పిల్ల అచ్చం తొట్టిలో చేపలా నోరు తెరిచింది. వేలు అక్కడే ఆగిపోయింది.

"రాయి, ఏంది అట్ల చూస్తావు?" అంది లింగమ్మ.

"వద్దులే. తల్లిపాలు చాలు. దీని కడుపులో కనపడనోళ్లు ఇప్పుడే పని మొదలుబెట్టుంటారు" అని, పోలయ్య ఆ వేలు తన నోట్లోనే పెట్టుకున్నాడు.