ఇది ఎవరి ముద్ద?

ఆ రోజు పిల్లల్ని బొటానికల్ గార్డెన్‌కి తీసుకుపోయింది చెట్లు చూపించడానికని ఇంట్లో అందరూ అనుకున్నారు. నేను పోయింది వేరే పని మీద. మధ్యాహ్నం తిరిగొచ్చేలోపల మా చిన్నోడి చేత వాడి అన్నం వాడే తినేలా చెయ్యాలి. చెయ్యకపోతే వాడు నాకు ఉండడు.

మాది అన్నమయ్య జిల్లా. కువైట్‌లో, రుమైథియా అనే పేటలో ఒక కువైటీ ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని నాది. చిన్నోడు పుట్టినప్పటి నుంచి నా చేతుల మీదే పెరిగాడు. అప్పటికి వాడికి నాలుగేళ్లు, వాళ్లక్కకు ఏడు. నా కూతురు మాత్రం మా ఊళ్లో మా అక్క దగ్గర ఉంది. దానికి రెండేళ్లు నిండకముందే నేను విమానం ఎక్కాను. దానికి పెట్టాల్సిన ముద్దలన్నీ వీడికి పెట్టాననుకోండి.

మా వైపు ఎట్లా పెడతారో అట్లాగే పెట్టాను. వాళ్లింట్లో చేసే మాంసం పులుసు వేసి, అన్నం మెత్తగా పిసికి, చిన్న చిన్న ముద్దలు చేసి, ఒక్కో దానికి ఒక్కో పేరు. ఇది అక్క ముద్ద, ఇది బాబా ముద్ద, అంటే వాళ్ల నాన్నది, ఇది పిల్లి ముద్ద. వాడు మేడెక్కితే గిన్నె పట్టుకుని నేనూ మేడెక్కాను, సోఫా కింద దూరితే నేను నేల మీద బోర్లా పడుకుని పెట్టాను. వాడి చేతికి ఒక్క మెతుకు అంటనివ్వలేదు. పిల్లల్ని సాకడమంటే అదే అనుకున్నాను. కాదని ఎవరన్నా చెప్పి ఉన్నా వినేదాన్ని కాదు.

వాణ్ణి బడిలో వేశారు. కొన్నాళ్లకు టీచరు మామాకు ఫోను చేసింది. మామా అంటే ఇంటావిడే, మేమంతా అట్లాగే పిలుస్తాం. పిల్లలంతా డబ్బాలు తెరిచి తింటుంటే వీడు డబ్బా ముందు పెట్టుకుని, నోరు తెరుచుకుని కూర్చుంటున్నాడంట. ఏడవడు, అడగడు. టీచరు వైపు చూస్తూ బెల్లు కొట్టేదాకా అట్లాగే ఉంటాడంట. నాకు నవ్వొచ్చింది కానీ మామా మొహం చూసి మింగేశాను.

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకంత భయం వేసేది కాదు. చలికాలం సెలవులు అయిపోయేలోపల వాడు తనంతట తాను తినాలి, లేకపోతే ఇంగ్లీషు వచ్చిన ఫిలిప్పీన్ అమ్మాయిని తెస్తాను, నువ్వు సల్వాలో మా చెల్లెలింటికి వంటపనికి వెళ్దువు అంది. జీతం తగ్గదులే అని కూడా అంది. జీతం సంగతి ఎవరడిగారు? వాడు లేని ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతూ కూర్చోవాలంటే నాకు ఒళ్లు మండింది.

ఇంట్లో నేర్పించాలని చూశాను. అది జరిగే పని కాదని తొందరగానే తెలిసింది. వాడు మూతి ముడిస్తే చాలు, వాళ్ల నాయనమ్మ ఖర్జూరంలో గింజ తీసేసి పండు నోట్లో పెట్టేది. వాళ్ల నాన్న చాక్లెట్ ఇచ్చేవాడు. వాళ్లిద్దరూ లేనప్పుడు నేనే కరిగిపోయేదాన్ని. సెలవులు అయిపోవచ్చాయి. అప్పుడే ఇంటికి చుట్టాలొస్తున్నారని, డ్రైవరును తోడు తీసుకుని పిల్లల్ని గార్డెన్‌కి తీసుకుపొమ్మని మామా నాకు చెప్పింది. ఇంతకంటే మంచి చోటు దొరకదనుకున్నాను. అక్కడ నాయనమ్మ లేదు, ఫ్రిజ్జు లేదు. కారులో వెతికి బిస్కెట్లు, జ్యూసులు, సీటు సందులో ఇరుక్కున్న చాక్లెట్టుతో సహా అన్నీ తీసి ఇంట్లో పెట్టేశాను. పులుసన్నం డబ్బాలు, నీళ్లు, చాప. అంతే.

డ్రైవరన్నది రాయచోటి వైపు. కారు దులుపుతుంటే చూసి, ఏం యుద్ధానికి పోతున్నామా అన్నాడు. అవునన్నాను.

చలి పొద్దు, ఎండ హాయిగా ఉంది. అద్దాల ఇంట్లో అరటిచెట్లు, మల్లెతీగలు చూశాం. పెద్దది ప్రతి బోర్డు ముందూ ఆగి అరబీలో పైకి చదివి, మాకు అర్థమైందా లేదా అని టీచరులా అడిగేది. బయట ఒక చెట్టు దగ్గర నాకు బోర్డు అక్కర్లేకపోయింది. ఆ ఆకు, ఆ ముల్లు చూస్తే ఎవరికి తెలియదు, రేగుచెట్టు. దాన్ని వీళ్లు సిదర్ అంటారు. పాదులో అప్పుడే నీళ్లు పెట్టి ఉన్నారు.

చిన్నోడు దాన్ని కింది నుంచి పైదాకా చూసి, నా తెలుగూ వాళ్ల అరబీ కలిపిన వాడి భాషలో, దీనికి అన్నం ఎవరు పెడతారని అడిగాడు. ఎవరూ పెట్టరు, కాళ్లతో అదే తాగుతుంది అంది వాళ్లక్క. వాడు చెట్టు మొదలు వైపు చాలాసేపు చూశాడు. నేను చాప పరిచి తిరిగేసరికి బూట్లు, మేజోళ్లు విప్పి పాదులో బురదలో నిలబడి ఉన్నాడు.

ఏం చేస్తున్నావు సారూ అంటే, అన్నం తింటున్నానన్నాడు. ఇంకో రోజైతే వాణ్ణి ఎత్తుకుని, కాళ్లు కడిగి, జలుబు చేస్తుందని నానా హడావుడి చేసేదాన్ని. ఆ రోజు నిలబడనిచ్చాను. ముద్ద కోసం వాడు చేసిన మొదటి ప్రయత్నం అదే మరి. కాసేపటికి పొట్ట తడుముకుని, రావట్లేదన్నాడు. డ్రైవరన్న పడీపడీ నవ్వాడు.

కాళ్లూ చేతులూ కడిగి చాప మీద కూర్చోబెట్టి డబ్బా తెరిచి ముందు పెట్టాను. వాడు నోరు తెరిచాడు. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. వాడు ఇంకా పెద్దగా తెరిచాడు, నాకు కనిపించలేదేమోనని. నీ చేత్తో నువ్వే తినాలి, ఈ రోజు నా చేతులు పని చెయ్యవని చెప్పాను.

ఏడుపు మొదలైంది. ముందు అలవాటైన ఏడుపు, తర్వాత నిజం ఏడుపు. వాళ్లక్క తన డబ్బా ఖాళీ చేసి, వాడికి కడుపు నొప్పి వస్తుంది, మామాతో చెప్తానని బెదిరించింది. దారిన పోతున్న ఒకావిడ ఆగి నన్ను రాక్షసిని చూసినట్టు చూసి పోయింది. డ్రైవరన్న జేబులోంచి బిస్కెట్ ప్యాకెట్ తీయబోతే ఒక్క చూపు చూశాను, మళ్లీ జేబులోకే పోయింది. ఆయన నా పక్కకొచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"ఈడ ఎవురు చూస్తారు మే? ఈ పొద్దుకు రెండు ముద్దలు పెట్టేయ్. పిల్లోడు ఎక్కిళ్లు పెడతాండాడు."

"నేను పెడితే వాడు నాకు ఉండడు అన్నా. గమ్మునుండు."

అన్నానే గానీ నా చెయ్యి నా మాట వినేలా లేదు. తొడ కింది నుంచి దానంతట అదే జరుగుతోంది. ఇంకా బరువుగా కూర్చున్నాను. వాడు ఎక్కిళ్ల మధ్య నా వైపే చూస్తున్నాడు. అయినా కదల్లేదు.

అప్పుడు ఒక గోరింక ఎగురుకుంటూ వచ్చి చాప అంచున వాలింది. రెండు గంతులేసి వాడి డబ్బాలో ముక్కు పెట్టి మెతుకు ఎత్తుకుపోయింది. వాడు ఏడుపు ఆపేశాడు. అది మళ్లీ వచ్చేసరికి రెండు చేతులూ డబ్బా మీద అడ్డం పెట్టాడు. వేళ్లు అన్నంలోకి దిగబడ్డాయి. అన్నం అంటిన చేతిని తిప్పి తిప్పి చూసి, ఒక వేలు నాకాడు.

వాడు పిడికెడు అన్నం తీస్తే సగం ఒళ్లో పడింది. ఇంకోసారి తీస్తే గడ్డానికి పూసుకున్నాడు. పిడికిలి కాదు నాయనా, వేళ్లన్నీ దగ్గరికి తీసి బొటనవేలితో లోపలికి తొయ్యమని నోటితోనే చెప్పాను. ఎట్టకేలకు ముద్దలాంటిది ఒకటి తయారైంది. నోటి దాకా తీసుకెళ్లి ఆగాడు. పేరు తెలియకుండా వాడు ముద్ద తినడు.

"ఇది ఎవరి ముద్ద?" అని అడిగాడు.

పిల్లి ముద్ద అనబోయాను. నేను నోరు తెరిచేలోపలే వాడే చెప్పాడు.

"ఇది నా ముద్ద."

నాలుగేళ్లలో ఇంట్లో వాళ్ల పేర్లు, వీధిలో పిల్లుల పేర్లు అన్నీ పెట్టాను గానీ, వాడి పేరుతో ఒక్క ముద్ద కూడా పెట్టలేదని అప్పుడు తట్టింది. తర్వాతదీ నా ముద్దే అన్నాడు, ఆ తర్వాతదీ. గోరింక వంక కోపంగా చూస్తూ డబ్బా అడుగు కనిపించేదాకా తిన్నాడు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. సంతోషం ఒక్కటే కాదు, ఏదో చేతిలోంచి జారిపోయినట్టు బాధగా కూడా ఉంది. డ్రైవరన్న అటు తిరిగి కారు తాళాలు వెతుక్కున్నాడు.

మర్నాడు భోజనానికి చిన్నోడు నాయనమ్మ పక్కన కూర్చుని చేత్తోనే తిన్నాడు. మామా చెంచా సంగతి ఎత్తబోతే, అదే చేత్తో తింటున్న ఆ ముసలామె తన కొడుకులంతా ఇట్లాగే తిని పెరిగారని చెప్పింది. మామా వాణ్ణి చూసింది, గోడవారగా నిలబడ్డ నన్ను చూసింది. ఖలాస్ అంది, అంటే ఇక అయిపోయినట్టే. సల్వా మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం మా అక్కకు వీడియో కాల్ చేశాను. వీడి కథంతా చెప్పి, పాప దానంతట అది తినడం ఎప్పుడు నేర్చుకుందని అడిగాను. ఇన్నేళ్లలో ఆ మాట ఎప్పుడూ అడగలేదు. అక్క నన్ను వింతగా చూసి అంది.

"అది ఎవురికి గుర్తుంటాది మే? ఒకనాడు తినింది, అంతే."

పాప ఏదని అడిగితే, అన్నం తింటాంది, పిలుస్తానుండు అంది. పిలవొద్దన్నాను. ఫోను దాని ఎదురుగా చెంబుకు ఆనించి పెట్టమన్నాను. నా కూతురు నన్ను చూసి ఒకసారి నవ్వి మళ్లీ కంచంలోకి తల వంచుకుంది. వేళ్లన్నీ దగ్గరికి తీసి, బొటనవేలితో తోసి, చక్కగా తింటోంది. కంచం ఖాళీ అయ్యేదాకా చూశాను.