శాన్‌ఫ్రాన్సిస్కోలో సీటు పట్టాను

టీ చల్లారకముందే నేనే చెప్పేస్తాను. లేకపోతే మా ఆవిడ చెప్తుంది. ఆవిడ చెప్తే నా మీద మీకున్న కాస్త గౌరవం కూడా పోతుంది. మొన్న గురువారం మా తోడల్లుడిగారి పాస్‌పోర్ట్‌ని నేను, ఇదిగో ఈ చేత్తోనే, సిటీ బస్సులోకి విసిరేశాను. కోపంతో కాదండీ, ప్రేమతో.

తోడల్లుడంటే మా సుగుణ వాళ్ళ అక్కయ్య భర్త, విశ్వేశ్వర్రావుగారు. గుంటూరులో బ్యాంక్ మేనేజరు. అక్కయ్యకి స్కూల్లో సెలవు దొరక్క ఆయనొక్కరే వచ్చారు. నెల్లాళ్ళుగా మా సన్నీవేల్ అపార్ట్‌మెంట్‌లోనే మకాం. మంచి మనిషే. కానీ ఎంతైనా తోడల్లుడు తోడల్లుడే కదా. రోజూ సాయంత్రం బాల్కనీలో నిలబడి, "కారు లేకపోతే ఇక్కడ మనిషికి కాళ్ళు లేనట్టేనా తమ్ముడూ? మా గుంటూరులో చెయ్యెత్తితే బస్సు ఆగుతుంది" అనేవారు. వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోయేది.

తిరుగు ప్రయాణంలో పారిస్ చూసి వెళ్ళాలని ఆయన కోరిక. దానికి వీసా కావాలి. పాస్‌పోర్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో కాన్సులేట్ వాళ్ళ దగ్గరుంది, గురువారం వచ్చి తీసుకోమన్నారు. శనివారం ఫ్లైట్. అంటే ఆ పాస్‌పోర్ట్‌కి ఏదైనా అయితే పారిస్సూ లేదు, గుంటూరూ లేదు, మా బాల్కనీయే గతి.

శాన్‌ఫ్రాన్సిస్కో రోడ్లన్నీ కొండలెక్కి దిగేవే, వాటి మీద కారు ఆపితే వెనక్కి జారిపోతుందేమోనని నాకు భయం. ఆ మాట ఆయనతో ఎలా చెప్తాను? "అన్నయ్యగారూ, ఇవాళ మీకు అమెరికా బస్సు చూపిస్తాను" అన్నాను. సముద్రం ఒడ్డున బస్సుల ఆఖరి స్టాప్ దగ్గర కారు పెట్టుకోవచ్చని ఆఫీసులో ఎవరో చెప్తే అక్కడ పార్క్ చేశాం. నిజానికి ఈ దేశం వచ్చాక నేను సిటీ బస్సు ఎక్కడం అదే మొదటిసారి. ఆయనకి మాత్రం పుట్టినప్పట్నించీ అందులోనే తిరుగుతున్నట్టు ఫోజు కొట్టాను.

వెళ్ళేటప్పుడు బస్సు ఖాళీ. దర్జాగా వెళ్ళాం. పాస్‌పోర్ట్ వచ్చింది, వీసా పడింది. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని, ఎయిర్‌లైన్స్ వాళ్ళిచ్చిన జిప్ బ్యాగ్ పక్క అరలో పెట్టుకున్నారు. ఆ బ్యాగ్‌లోనే సుగుణ ఇచ్చిన పెరుగన్నం స్టీల్ డబ్బా కూడా ఉంది. మేం పిజ్జా తినడంతో అది అలాగే మిగిలిపోయింది. ఆయనకి మోకాలు నొప్పిగా ఉందంటే బ్యాగ్ నేను తీసుకున్నాను.

సాయంత్రం స్టాప్‌కి వచ్చేసరికి ఆఫీసులు వదిలారు. బారెడు లైను. సూట్లేసుకుని, పేపర్ చదువుకుంటూ, ఒకరినొకరు తగలకుండా నిలబడ్డారు. మేం ఆ లైను చివర. ఆయన మోకాలు తడుముకుంటూ, "నిలబడి వెళ్ళాలా తమ్ముడూ?" అన్నారు. ఆ మాటలో కొంచెం గుంటూరు వినిపించింది నాకు.

అంతలో బస్సు వచ్చి ఆగింది. జనం ముందు తలుపులోంచి ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. వెనక కిటికీ తెరిచి ఉంది. లోపల నున్నటి సీటు, ఖాళీగా.

మీకు తెలియనిదేముంది. నేను కాలేజీ చదువంతా తెనాలి నుంచి గుంటూరుకి బస్సులో తిరిగి చదివినవాణ్ణి. బస్సు స్టాండ్‌లోకి తిరుగుతుండగానే కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే, అది మూడో సీట్లో పడాలంటే మూడో సీట్లోనే పడేది. ఆడపిల్లలకి కూడా నేనే సీట్లు పట్టేవాణ్ణి. అలాంటి చెయ్యి ఊరుకుంటుందా? జేబులో పెట్టాను. కర్చీఫ్ లేదు. ఇక్కడికొచ్చాక టిష్యూలకి అలవాటుపడ్డాం కదా, అవే ఉన్నాయి. ముక్కు తుడుచుకునే కాగితం వేస్తే సీటెవడిస్తాడు? బరువైనది ఏదైనా వెయ్యాలి.

పరిగెత్తుకెళ్ళి, బ్యాగ్‌ని ఒక ఊపు ఊపి కిటికీలోంచి వేశాను. సరిగ్గా సీటు మధ్యలో పడింది. లోపల స్టీల్ డబ్బా ఢామ్మంది.

"భేష్ తమ్ముడూ, చెయ్యి పోలేదు" అన్నారు ఆయన. నెల రోజుల్లో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నా ఆనందం ఏం చెప్పమంటారు.

సీటు పట్టేశాక ఇంకేం తొందర? కర్చీఫ్ పడ్డ సీటు మనదే, అది ధర్మం. అందుకని నేను పెద్దమనిషి తరహాలో లైను చివరికొచ్చి నిలబడ్డాను. నా వెనక ఒక ముసలావిడ వస్తే "ఆఫ్టర్ యూ" అన్నాను. ఆవిడ "థాంక్యూ, యంగ్ మాన్" అంది. ఇంకో ఇద్దరొస్తే వాళ్ళనీ పంపించాను. "వీళ్ళకి మర్యాద మనమే నేర్పాలి" అన్నారు విశ్వేశ్వర్రావుగారు. "అంతేగా అన్నయ్యగారూ" అన్నాను.

మా వంతు వచ్చింది. డ్రైవర్ చెయ్యి అడ్డం పెట్టి, "ఫుల్. నెక్స్ట్ బస్" అన్నాడు.

"నో నో, వియ్ హావ్ సీట్స్" అన్నాను నేను. అతను ఇంకోసారి "ఫుల్" అన్నాడు. తలుపులు మూసుకున్నాయి. బస్సు కదిలింది.

నేను వెంటపడ్డాను. మన ఊళ్ళో అయితే బస్సు మీద నాలుగు దెబ్బలు వేస్తే కండక్టర్ ఆపుతాడు. ఇక్కడ కండక్టరే లేడాయె. ఆ వీధి చివర దాకా పరిగెత్తి ఆగిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన స్టాప్‌లో ఒంటరిగా నిలబడి ఉన్నారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పాస్‌పోర్ట్" అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది.

తర్వాతి బస్సు ఎక్కాం. డ్రైవర్ ఒక పెద్దావిడ. జరిగింది చెప్పాను.

"మీ బ్యాగ్ బస్సులో మర్చిపోయారా?" అంది.

"మర్చిపోలేదు. విసిరాను."

"బస్సులో ఎవరికి?"

"ఎవరికీ కాదు. సీటుకి."

ఆవిడ రోడ్డు వంకే చూస్తూ, "నాతో మాట్లాడకండి, డ్రైవ్ చేస్తున్నాను" అంది.

దారంతా ఆయన సీటు దొరికినా కూర్చోలేదు. నేను మొక్కని దేవుడు లేడు. పాస్‌పోర్ట్ దొరికితే చాలు, ఈయన గుంటూరు గురించి ఇంకో ఏడాది చెప్పినా వింటానని మొక్కుకున్నాను. మళ్ళీ కొంచెం ఆలోచించి, ఒక నెలకి తగ్గించాను.

ఆఖరి స్టాప్‌లో దిగేసరికి ఆ ముందు బస్సు అక్కడే ఉంది. డ్రైవర్ కాఫీ కప్పు పట్టుకుని బయట నిలబడ్డాడు. మమ్మల్ని గుర్తుపట్టి, తనే సారీ చెప్పాడు.

"ఏం చెయ్యను, ఎవడో పిచ్చివాడు వెనక కిటికీలోంచి ఏదో విసిరాడు. పెద్ద చప్పుడు. అందులోంచి తెల్లగా ఏదో కారడం మొదలెట్టింది. వెనకున్న వాళ్ళందరూ హడలిపోయి ముందుకొచ్చేశారు. వెనక సగం బస్సు ఖాళీ, ముందు ఊపిరాడట్లేదు. అందుకే మీలాంటి మంచివాళ్ళని స్టాప్‌లో వదిలేసి రావాల్సొచ్చింది" అన్నాడు.

నేను విశ్వేశ్వర్రావుగారి వంక చూశాను. ఆయన సముద్రం వంక చూస్తున్నారు.

"ఆ పిచ్చివాణ్ణి నేనే" అన్నాను.

కర్చీఫ్ సంగతి మొత్తం చెప్పాను. తెనాలి నుంచి మొదలుపెట్టి చెప్పాను. అతను శ్రద్ధగా విని, "అలా వేశాక, మీ ఊళ్ళో మీరు బస్సు కూడా ఎక్కుతారా?" అని అడిగాడు.

లోపలికి వెళ్ళాం. బ్యాగ్ వేసిన సీట్లో వేసినట్టే ఉంది. దాని మూతి నుంచి పెరుగు కారి, సీటు మీద మడుగు కట్టింది. పక్క సీట్లు, వెనక సీట్లు, అటు వరస, అన్నీ ఖాళీ. ఎవరూ ముట్టుకోలేదు. మా కోసమే అట్టేపెట్టినట్టున్నాయి. ఆయన పక్క అర జిప్ తీశారు. పాస్‌పోర్ట్ పొడిగానే ఉంది. వాసన ఒక్కటే కొంచెం పుల్లగా ఉంది. నేను టిష్యూలతో సీటు తుడిచాను. చూడండి, చివరికి వాటికీ పని పడింది.

కారెక్కాక ఆయన మొదటిసారి నోరు విప్పారు. "తమ్ముడూ, మా గుంటూరులో కర్చీఫ్ వేస్తే ఒక్క సీటే దొరుకుతుంది. నువ్వు సగం బస్సు పట్టావు. ఎక్కడమే మర్చిపోయావు." అని నవ్వడం మొదలుపెట్టారు చూడండి, సన్నీవేల్ దాకా ఆపలేదు.

నిన్న శనివారం నేనూ సుగుణా ఆయన్ని ఎయిర్‌పోర్ట్‌లో దింపాం. లోపలికి వెళ్ళబోతూ, కళ్ళజోడు కార్లో మర్చిపోయానని తాళాలు తీసుకుని వెళ్ళొచ్చారు. ఫ్లైట్ వెళ్ళిపోయింది. మేం పార్కింగ్‌కి వచ్చాం, నేను కారు తలుపు తీశాను. డ్రైవర్ సీట్లో తెల్లటి కర్చీఫ్, నాలుగు కొసలూ సర్ది, నీట్‌గా పరిచి ఉంది.

సుగుణ నవ్వలేక చస్తోంది. ఆవిడకేం, నవ్వుతుంది. నేను మాత్రం తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సొంత కారు, తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. అయినా ఒక్క క్షణం, అయ్యో, ఎవరో ముందే పట్టేశారే అనుకున్నాను.